కౌమార వైద్య నిపుణులు అసలు ఏం చేస్తారు? మా అమ్మాయితో మాట్లాడాలని నన్ను బయట కూర్చోబెట్టారు, ఇది సరైన పద్ధతేనా?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ అమ్మాయికి 14 ఏళ్లు. కొన్ని నెలలుగా తరచూ కడుపునొప్పి అంటోంది, బడి మానేస్తోంది. చిన్నప్పటి నుంచి చూస్తున్న పిల్లల డాక్టరుగారు రక్తపరీక్షలు, స్కానింగు చేయించి, వాటిలో ఏమీ తేలకపోవడంతో కౌమార వైద్య నిపుణురాలి దగ్గరకు పంపారు. ఆవిడ మీ ఇద్దరితో కాసేపు మాట్లాడి, తరువాత మిమ్మల్ని బయట కూర్చోమని చెప్పి, అమ్మాయితో అరగంట ఒంటరిగా మాట్లాడారు. ఏం చెప్పిందని మీరు అడిగితే, “తన అనుమతితో మీకు చెప్పవలసినవి చెబుతాను” అన్నారు. కొత్త మందులేవీ రాయకుండా, నొప్పి వచ్చిన రోజులు గుర్తుపెట్టడానికి ఒక పట్టిక ఇచ్చి రెండు వారాల తరువాత రమ్మన్నారు. ఇంతకూ ఈ డాక్టర్ల పనేమిటి, మళ్లీ వెళ్లాలా వద్దా అన్నది మీ సందేహం.

తప్పకుండా వెళ్లండి. నేను పిల్లల వైద్యంలో శిక్షణ పొంది, ఆ తరువాత చాలా ఏళ్లుగా కౌమార వయసు వారినే చూస్తున్న డాక్టరుని. మీరు వర్ణించిన పద్ధతిలో నాకు లోపమేమీ కనిపించలేదు. ఈ వైద్యం సవ్యంగా జరిగినప్పుడు మొదటి సందర్శన దాదాపు అలాగే ఉంటుంది.

గుండె డాక్టరుకు గుండె, ఎముకల డాక్టరుకు ఎముకలు ఉన్నట్టు మాకు ఒక అవయవమంటూ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 10 నుంచి 19 ఏళ్ల వరకు కౌమారం. ఆ వయసులో శరీరం, మనసు, నడవడి ఒకేసారి మారుతుండగా వచ్చే ఆరోగ్య సమస్యలన్నీ మా పరిధిలోకి వస్తాయి. పదేళ్ల పిల్ల తరఫున తల్లి మాట్లాడుతుంది. ఇరవై ఏళ్ల యువతి తన ఒంటి సంగతి తానే డాక్టరుకు చెప్పుకోవాలి. ఈ రెంటి మధ్య జరగవలసిన అప్పగింతను దగ్గరుండి జరిపించడం కౌమార వైద్యుల ప్రధానమైన పని. రోగ నిర్ధారణ, మందులు, టీకాలు అన్నీ ఉంటాయి గానీ, అవన్నీ ఈ అప్పగింతకు లోబడి నడుస్తాయి. మిమ్మల్ని బయట కూర్చోమనడం అందులో మొదటి మెట్టు.

ముందు శరీరం సంగతి చెబుతాను, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులు మమ్మల్ని కేవలం మాటలు చెప్పే డాక్టర్లుగా భావిస్తారు. అమ్మాయిల్లో సాధారణంగా 8 నుంచి 13 ఏళ్ల మధ్య రొమ్ము పెరుగుదలతోను, అబ్బాయిల్లో 9 నుంచి 14 ఏళ్ల మధ్య వృషణాల పెరుగుదలతోను యౌవన దశ మొదలవుతుంది. అమ్మాయిల్లో మొదటి నెలసరి ఆ తరువాత రెండు, రెండున్నర ఏళ్లకు వస్తుంది. పెద్దయ్యాక ఉండే బరువులో దాదాపు సగం ఈ కొద్ది సంవత్సరాల్లోనే చేరుతుంది. బ్రిటిష్ వైద్యుడు జేమ్స్ టానర్ పేరుతో ప్రసిద్ధమైన ఐదు దశల కొలమానం మాకు నిత్యం అవసరమయ్యేది. పుట్టినరోజు ప్రకారం వయసు కంటే బిడ్డ ఆ ఐదింటిలో ఏ దశలో ఉందన్నదే చాలాసార్లు ఎక్కువ సమాచారమిస్తుంది. ఒకే తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు పదమూడేళ్ల పిల్లల్లో ఒకరు రెండో దశలో, మరొకరు నాలుగో దశలో ఉండవచ్చు. ఇద్దరూ ఆరోగ్యవంతులే కావచ్చు. అయితే అమ్మాయికి 13 నిండినా రొమ్ము పెరుగుదల మొదలుకాకపోతే, 15 నిండినా నెలసరి రాకపోతే, అబ్బాయికి 14 నిండినా వృషణాల పెరుగుదల కనిపించకపోతే, “వాళ్లే పెరుగుతారులే” అనుకుని ఊరుకోకూడదు.

ఇలాంటి ఒక అబ్బాయి గుర్తుకు వస్తున్నాడు. పద్నాలుగేళ్లు దాటినా తరగతిలో అందరికంటే పొట్టిగా ఉన్నాడని, ఆటలంటే ప్రాణంగా ఉండేవాడు ఆడడం మానేశాడని తండ్రి తీసుకువచ్చారు. ఎత్తు పెరగడానికి ఇంజక్షన్లు కావాలని ఆయన పట్టుదల. తండ్రి బయటికి వెళ్లాక తెలిసిందేమిటంటే, ఆట మీద ఇష్టం తగ్గలేదు. ఆట అయ్యాక అందరితో కలిసి బట్టలు మార్చుకోవడమే భరించలేకపోతున్నాడు. వృషణాల పరిమాణం కొలవడానికి మా దగ్గర ఒక పూసల దండ ఉంటుంది. 1 మిల్లీలీటరు నుంచి 25 మిల్లీలీటర్ల వరకు క్రమంగా పెద్దవయ్యే 12 పూసలు దానికి గుచ్చి ఉంటాయి. 4 మిల్లీలీటర్లు చేరితే యౌవనం మొదలైనట్టు. అతన్ని అడిగి, ఒప్పుకున్నాక పరీక్షించి, 5 మిల్లీలీటర్ల పూసను వేలితో పట్టుకుని చూపించాను: “నీ శరీరం పని మొదలుపెట్టింది, అబ్బాయిల్లో ఎత్తు ఒక్కసారిగా పెరిగే ఘట్టం ఇది మొదలైన కొంతకాలానికి గాని రాదు.” చేతి ఎక్స్‌రేలో ఎముకల వయసు అసలు వయసు కంటే రెండేళ్లకు పైగా వెనుక ఉంది. తండ్రికి కూడా ఆలస్యంగానే ఎత్తు వచ్చిందని అడిగితే తెలిసింది. ఆ ఇంజక్షన్ల అవసరం రాలేదు. ఆరు నెలలకు ఒకసారి కొలతలు తీసుకుంటూ ఉంటే సరిపోయింది. తండ్రి గదిలో ఉండగా ఆ బట్టల గది మాట అతని నోట వచ్చేది కాదని నా నమ్మకం.

ఇక మీ సందర్భం. ఆ అరగంటలో డాక్టరుగారు ఊరికే కబుర్లు చెప్పి ఉండరు. మేము వాడే ప్రశ్నల వరుస ఒకటి ఉంది. దాన్ని హెడ్స్ అంటాము. 1972లో అమెరికాలో రూపుదిద్దుకుని, 1988లో విస్తరించి ప్రచురితమైన పద్ధతి ఇది. ఇల్లు, చదువు, ఇష్టమైన పనులు, మత్తు పదార్థాలు, లైంగిక విషయాలు, దిగులు–ఆత్మహత్య ఆలోచనలు అన్న క్రమంలో సాగుతుంది. తరువాతి కాలంలో తిండి అలవాట్లు, భద్రత కూడా చేరాయి. ఈ క్రమంలోనే ఒక తెలివి ఉంది. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఎవరితో చనువు ఎక్కువ అన్నది ఎవరైనా చెప్పగలిగే జవాబు. అక్కడ మొదలై, బిడ్డకు కాస్త నమ్మకం కుదిరిన తరువాతే కష్టమైన ప్రశ్నల దగ్గరకు వెళతాము. ఆత్మహత్య గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదని పరిశోధనలు తేల్చాయి, అడగడం వల్ల బిడ్డకు ఉపశమనమే ఎక్కువ.

పైకి ప్రశ్నలుగా వినిపించే వాటి వెనుక కడుపునొప్పి లెక్కలు కూడా నడుస్తాయి. నొప్పి నిద్రలోంచి లేపుతోందా, బరువు తగ్గిందా, ఎత్తు పెరగడం మందగించిందా, మలంలో రక్తం పడుతోందా, జ్వరం, ఆగని వాంతులు, కీళ్ల నొప్పులు ఉన్నాయా, కుటుంబంలో ఎవరికైనా పేగుల వాపు జబ్బు ఉందా అన్నవి ప్రమాద సూచికలు. ఇవేవీ లేకుండా, పరీక్షలూ బాగుంటే, పేగుకూ మెదడుకూ మధ్య నడిచే సంకేతాలు అతిగా స్పందించడం వల్ల వచ్చే నొప్పి అయ్యే అవకాశమే ఎక్కువ. అది నటన కాదు, నొప్పి నిజమైనదే. స్కానింగులో కనిపించకపోవడం వల్ల అది అబద్ధమైపోదు. మీరు ఆ అమ్మాయితో అనగలిగిన మాటల్లో అన్నిటికంటే చేటు చేసేది “పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి, నీకేమీ లేదు” అన్నది.

ఆ పట్టిక ఎందుకంటే, నొప్పి నెలసరి రోజులతో కలిసి వస్తోందా, తిన్నాక వస్తోందా, బడి ఉన్న రోజుల్లోనే వస్తోందా అన్నది జ్ఞాపకం మీద చెబితే ఎప్పుడూ తప్పే వస్తుంది. ఈ వయసులో నెలసరి 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా సాధారణమే కాబట్టి, నెలసరి నొప్పి కూడా తేదీల ప్రకారం క్రమబద్ధంగా కనిపించదు, రాసుకుంటేనే బయటపడుతుంది. ఇంకొక మాట కూడా చెప్పాలి. ఈ వయసు అమ్మాయికి కడుపునొప్పి అన్నప్పుడు లైంగిక సంబంధం, గర్భం గురించి, ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారా అన్న దాని గురించి అడగడం మా విధి. మీ అమ్మాయి మీద అనుమానంతో అడిగేది కాదు, అందరినీ అడుగుతాము. తల్లి ఎదురుగా అడిగితే జవాబు నిజమైనా అబద్ధమైనా “లేదు” అనే వస్తుంది, అలాంటి జవాబుతో డాక్టరుకు ప్రయోజనం లేదు.

మీకు ఎక్కువ బాధ కలిగించినది, మీ రాతను బట్టి, గోప్యత విషయం. బిడ్డకు ఏకాంతం ఇవ్వడమంటే తల్లిదండ్రులను పక్కన పెట్టడం కాదు. ఆ గోప్యతకు హద్దులున్నాయి: బిడ్డ తనకు తాను హాని చేసుకునే ప్రమాదం ఉన్నా, ఇతరులకు హాని చేసే ప్రమాదం ఉన్నా, బిడ్డ మీద ఎవరైనా అఘాయిత్యం చేస్తున్నా, డాక్టరు ఆ సంగతి దాచరు, దాచకూడదు. ఏ వయసు నుంచి చికిత్సకు స్వయంగా సమ్మతి ఇవ్వవచ్చు, ఏ విషయాలు అధికారులకు తెలియజేయాలి అన్న దానిపై చట్టాలు దేశాన్ని బట్టి మారతాయి. ఆ హద్దులను సంభాషణకు ముందే, మీ ఇద్దరూ ఉండగా చెప్పడం మంచి పద్ధతి. ఒకవేళ చెప్పి ఉండకపోతే, వచ్చేసారి మీరే మర్యాదగా అడగండి. అడిగే హక్కు మీకు ఉంది. ఈ పద్ధతి వెనుక ఉన్నది డాక్టర్ల అభిరుచి మాత్రమే కాదు. ఇలా భరోసా ఇచ్చినప్పుడు పిల్లలు సున్నితమైన విషయాలు చెప్పడానికి ఎక్కువగా సిద్ధపడతారని 1997లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. వాళ్లు చెప్పిన విషయాల్లో అధిక భాగం చివరికి తల్లిదండ్రులకు చేరుతుందని నా అనుభవం. కాకపోతే బిడ్డ నోటితోనే, డాక్టరు పక్కన ఉండగా, తిట్లు పడని రీతిలో చేరుతుంది. “అమ్మకు ఎలా చెబుదాం?” అని బిడ్డతో కలిసి వాక్యాలు కూర్చుకోవడానికి మేము గణనీయమైన సమయం వెచ్చిస్తాము.

శారీరక పరీక్ష విషయంలోనూ ఇదే మర్యాద వర్తిస్తుంది. ఏం చూడబోతున్నామో, ఎందుకో ముందు చెప్పి, బిడ్డ సరేనన్న తరువాత, నర్సుగానీ బిడ్డ కోరుకున్న పెద్దవారుగానీ గదిలో ఉండగా, అవసరమైనంత మేరకే పరీక్షించాలి. ఏకాంతం మాటల వరకే; పరీక్ష ఏకాంతంగా జరగవలసిన పని లేదు. దీనికి భిన్నంగా జరిగితే అభ్యంతరం చెప్పండి.

శరీరాన్నీ మాటనూ ఒకేసారి చదవకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంకొక సందర్భం. పదిహేనేళ్ల అమ్మాయి బడిలో రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయింది. రక్తహీనత అనుకున్నారు, కాదు. రక్తపరీక్షలన్నీ దాదాపు సాధారణంగా ఉన్నాయి. ఉక్కపోసే రోజున కూడా చేతులు వేళ్ల దాకా కప్పే పొడవాటి చొక్కా వేసుకుని వచ్చింది. చేయి పట్టుకుంటే చల్లగా ఉంది, నాడి నిమిషానికి 44. బడి ఆరోగ్య పత్రంలో ఉన్న పాత బరువులను ఎదుగుదల పట్టిక మీద చుక్కలుగా పెట్టుకుంటూ పోతే, పన్నెండేళ్ల వరకు ఒకే గీత వెంట నడిచిన బరువు, ఆ తరువాత రెండు గీతలు దాటి కిందకు దిగింది. ఎత్తు మాత్రం తన గీత మీదే ఉంది. నెలసరి ఆగి నాలుగు నెలలైనా తల్లికి తెలియదు. ఒంటరిగా మాట్లాడినప్పుడు, తిన్నది చాలా అనిపిస్తుందని, తిన్న ప్రతిసారీ లెక్క వేసుకుంటానని మెల్లగా చెప్పింది. అది అనొరెక్సియా నెర్వోజా, అంటే బరువు పెరుగుతామన్న భయంతో తిండి తగ్గించుకుంటూ పోయే జబ్బు. రక్తపరీక్షలు బాగున్నంత మాత్రాన ఈ జబ్బులో ధైర్యపడకూడదు. మెలకువలో నాడి 50 కంటే తక్కువ ఉండడం ఆసుపత్రిలో చేర్చవలసినంత ప్రమాదానికి గుర్తు. ఒక్కసారిగా ఎక్కువ ఆహారం ఇచ్చినా రక్తంలో ఫాస్ఫేటు పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది కాబట్టి, లవణాలు చూసుకుంటూ జాగ్రత్తగా పెంచాలి. గమనించండి, ఇక్కడ గోప్యత వెంటనే సడలింది. ఆ రోజే తల్లిదండ్రులను కూర్చోబెట్టి అంతా చెప్పాము, ఆ అమ్మాయి సమక్షంలోనే. పైగా ఈ జబ్బు చికిత్సలో తల్లిదండ్రులే ముందు నిలబడి తిండి బాధ్యత తీసుకుంటారు. కౌమార వైద్యమంటే ఎప్పుడూ తల్లిదండ్రులను వెనక్కు నెట్టడమే అనుకునేవారికి ఈ ఉదాహరణ చాలు.

దీనికి పూర్తిగా ఎదురుగా సాగేవి మధుమేహం వంటి దీర్ఘకాల జబ్బులు. టైప్ 1 మధుమేహం ఉన్న ఒక అబ్బాయికి పదమూడేళ్ల దాకా చక్కెర అదుపులో ఉండి, తరువాత మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 11 శాతం దాకా పెరిగింది. “వీడికి నిర్లక్ష్యం” అని ఇంట్లో ఒకటే మాట. అందులో కొంత భాగం ఎవరి తప్పూ కాదు. యౌవన హార్మోన్ల వల్ల ఇన్సులిన్ ప్రభావం తగ్గి, పాత మోతాదు చాలదు. మిగతా భాగం, బడిలో అందరి ముందు సూది వేసుకోవడం ఇష్టం లేక మధ్యాహ్నపు మోతాదు ఎగ్గొట్టడం. రెండూ తెలిశాక మోతాదు పెంచాము, వేళలు మార్చాము, నమ్మకమైన ఒక స్నేహితుడికి చక్కెర పడిపోతే ఏం చేయాలో నేర్పించాము. తల్లితో కుదుర్చుకున్న ఒప్పందం ఏమిటంటే, రోజుకు ఒక్కసారే, రాత్రి భోజనానికి ముందు, చక్కెర కొలిచే మీటరు కలిసి చూడడం. మిగతా వేళల్లో అడగకపోవడం. ఆవిడకు అది మందు కంటే కష్టమైంది. ఇలాంటి పిల్లలను పెద్దల వైద్యుల చేతికి అప్పగించే సన్నాహం 12–14 ఏళ్ల నుంచే మొదలుకావాలి: ముందు మందుల పేర్లు తనే చెప్పడం, తరువాత అపాయింట్‌మెంట్ తనే తీసుకోవడం, చివరికి తనంతట తానే రావడం. పద్దెనిమిదో పుట్టినరోజు మరునాడు ఫైలు చేతికిచ్చి పంపితే ఆ పిల్లలు చికిత్సకు దూరమైపోవడం చాలాచోట్ల కనిపించేదే.

కొన్ని హెచ్చరికలు కూడా చేయాలి. మేము మానసిక వైద్యులం కాము, స్త్రీ వైద్య నిపుణులం కాము. జీవితకాలంలో వచ్చే మానసిక సమస్యల్లో మూడింట ఒక వంతు 14 ఏళ్లలోపే, సగం 18 ఏళ్లలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది కాబట్టి వాటిని ముందుగా పసిగట్టడం, తేలికపాటి వాటికి సాయం చేయడం మా పని. తీవ్రమైన కుంగుబాటుకు మానసిక వైద్యులే చికిత్స చేయాలి. ప్రతి కౌమార బిడ్డకూ ఈ నిపుణులు అవసరం లేదు. జలుబుకు, మొటిమలకు, టీకాలకు మీ పాత డాక్టరుగారు చాలు. ఆయన కూడా బిడ్డతో కొన్ని నిమిషాలు విడిగా మాట్లాడితే అధిక భాగం పని అక్కడే జరిగిపోతుంది. ఇది కొత్త శాఖ కూడా. కౌమారుల కోసమే ప్రత్యేక విభాగం 1951లో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో రోజ్‌వెల్ గల్లాఘర్ అనే వైద్యుడు ప్రారంభించారు. అక్కడి నుంచి లెక్కేసినా వైద్య చరిత్రలో ఇది నిన్నమొన్నటి సంగతే, కాబట్టి అన్నిచోట్లా నిపుణులు దొరకరు. దొరికినా, బోర్డు మీది పేరు చూసి మోసపోకండి. ప్రశ్న వేసినప్పుడు డాక్టరు ఎవరి ముఖం చూస్తున్నారో గమనించండి. మీ అమ్మాయి ఎదురుగా ఉండగా ఆమె గురించి మిమ్మల్నే అడిగి, ఆమెను ఒక్క మాట మాట్లాడనివ్వకుండా మందుల చీటీ రాసేస్తే, వారి డిగ్రీ ఏదైనా అది కౌమార వైద్యం కాదు.

ఇది చదివే అబ్బాయిల తల్లిదండ్రులకు అప్రస్తుతమైనా ఒక మాట: సిగ్గుపడి, వృషణంలో నొప్పిని కూడా “కడుపునొప్పి” అనే చెబుతారు. హఠాత్తుగా వచ్చిన తీవ్రమైన నొప్పి వృషణం మెలిపడడం వల్ల అయితే, ఆరు గంటల్లోపు శస్త్రచికిత్స జరగాలి. అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

మీరు వచ్చేసారి వెళ్లేటప్పుడు టీకాల కార్డు, పాత ఎత్తు–బరువుల నమోదు ఏదైనా ఉంటే అది, ఇప్పటివరకు చేయించిన పరీక్షల కాగితాలు తీసుకువెళ్లండి. పట్టికను అమ్మాయినే నింపనివ్వండి; ఖాళీలు మిగిలినా మీరు పూరించవద్దు. ఆ ఖాళీలూ డాక్టరుకు ఏదో ఒకటి చెబుతాయి. మీరు విడిగా చెప్పదలచినవి ఉంటే, మీ అమ్మాయికి తెలిసేలాగే డాక్టరుతో సమయం అడగండి. రహస్యంగా ఫోన్ చేసి చెబితే, ఆ సంగతి బయటపడిన రోజున మీ మీదా డాక్టరు మీదా నమ్మకం ఒకేసారి పోతుంది. ఇంటికి వచ్చే దారిలో “ఏం చెప్పావు?” అని అడగవద్దు. బడికి పంపడం గురించి డాక్టరును సూటిగా అడిగి, ఒక స్పష్టమైన నిర్ణయం తీసుకోండి, ఎందుకంటే ఇలాంటి నొప్పుల్లో బడి మానేకొద్దీ తిరిగి వెళ్లడం కష్టమవుతుంది. సగం పూటతో అయినా మళ్లీ మొదలుపెట్టించడం చికిత్సలో భాగమే. రెండు మూడు నెలలు గడిచినా మార్పు లేకపోతే నిర్ధారణను మళ్లీ మొదటి నుంచి పరిశీలించమని కోరండి. ఈలోగా నేను పైన చెప్పిన ప్రమాద సూచికల్లో ఏది కనిపించినా, బతకాలని లేదన్న మాట ఎప్పుడు వినిపించినా, రెండు వారాల గడువు కోసం ఆగకుండా అదే రోజు డాక్టరును కలవండి.